కారు మీద రెండో పేరు

నాకు ముక్కు మీద కోపమని మా బళ్ళో అటెండరు దగ్గర్నుంచి హెడ్మాస్టరు దాకా అందరికీ తెలుసు. పిల్లలు గీత వంకరగా గీస్తే నా చేతిలో స్కేలు విరిగేది. ఆ కోపాన్ని నేను చాలాకాలం ధైర్యం అనుకున్నాను. ఎనభైల్లో ఒక వేసవి సెలవుల్లో ఆ భ్రమ మూడు రోజుల్లో వదిలిపోయింది. ఆ మూడు రోజుల సంగతి రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అప్పుడు నేను నరసరావుపేటలో హైస్కూలు డ్రాయింగు మాస్టర్ని. మద్రాసులో ఆఫీసున్న ఒక కార్ల కంపెనీ కొత్తగా చిన్న కారు తెచ్చింది. జనానికి దాన్ని అలవాటు చెయ్యడానికి వాళ్ళకో ఆలోచన వచ్చింది. జిల్లాకొక చిత్రకారుణ్ణి ఎంచుకుని, అతనికో తెల్ల కారు అప్పగించి, దాని మీద బొమ్మ వేయించి, జిల్లా కేంద్రంలో ప్రదర్శనకు పెట్టాలని. విదేశాల్లో ఇలాంటివి జరుగుతున్నాయని నాకు తెలుసు. మా ఊరి లైబ్రరీలో ఒక ఇంగ్లీషు వారపత్రికలో ఫోటో చూశాను, పందెం కారుకు ఎవరో పెద్ద చిత్రకారుడు ఒళ్ళంతా రంగులు వేసింది. ఆ పేజీ చింపి తెచ్చుకోవాలన్నంత ఆశ పుట్టింది, లైబ్రేరియన్ చూస్తున్నాడని మానేశాను.

మా ఊళ్ళో ట్రాక్టర్లు అమ్మే డీలరు గారు ఆ కార్లకు కూడా బుకింగులు తీసుకోబోతున్నారు. గుంటూరులో నా బొమ్మకొకసారి బహుమతి వస్తే ఆ సభలో ఆయన ముందు వరసలో కూర్చున్నారు. కంపెనీ వాళ్ళు అడిగితే నా పేరు చెప్పారు. అలా బడి చిరునామాకు నాకొక ఉత్తరం వచ్చింది. రెండు కాగితాలు, పిన్ను కొట్టి ఉన్నాయి. మొదటి కాగితంలో నా పేరు, దాని పక్కన ఇంగ్లీషులో సమకాలీన చిత్రకారుడు అని టైపు చేసి ఉంది. స్టాఫ్ రూములో గట్టిగా చదివాను. లెక్కల మాస్టారు మళ్ళీ చదవమంటే మళ్ళీ చదివాను. ఆదివారం చర్చిలో పాస్టరు గారు ప్రకటనల్లో ఆ మాట కూడా చెప్పారు. రెండో కాగితం సన్నటి అక్షరాలతో, నంబర్లు వేసిన షరతులతో నిండుగా ఉంది. బస్సు టిక్కెట్టు వెనక ఉండే రాతలాంటిదేలే అనుకున్నాను. చదవలేదు.

నాకు కాగితం మీద, గుడ్డ మీద బొమ్మలు వెయ్యడం వచ్చు. ఇనుము మీద రంగు వెయ్యడం రాదు. అది వచ్చినవాడు మా ఊళ్ళో ఒకడే అని చెప్పాలి. లారీలకు, ట్రాక్టరు ట్రక్కులకు రంగులు వేసే సాయిబు. అందరూ భాయ్ అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. నా కంటే పదేళ్ళు పెద్దవాడు. చదువు లేదు గాని తెలుగు అక్షరాలు ముత్యాల్లా రాసేవాడు. ట్రక్కు చుట్టూ పొడుగు కుంచెతో గీత లాగితే మొదలెక్కడో, చివరెక్కడో కనిపెట్టడం కష్టం. పదకొండేళ్ళు వినుకొండ రోడ్డు పక్కన తాటాకు పందిరి కింద, దుమ్ములో పని చేశాడు. రంగు ఆరేలోపు గాలి వస్తే మళ్ళీ మొదటికొచ్చేది. రెండేళ్ళ కిందట డీలరు గారు తన గోడౌను పక్కన రేకుల షెడ్డు ఇచ్చి, కొత్త ట్రక్కులన్నిటికీ రంగు పని అతనికే అప్పజెప్పారు. భాయ్‌కి ఆ షెడ్డే ప్రాణం. దాన్ని ఇల్లు ఊడ్చుకున్నట్టు ఊడ్చుకునేవాడు. డీలరు గారికి కోపం వస్తే మాత్రం మళ్ళీ రోడ్డు పక్కకే. ఆ మాట అతనే నాతో అన్నాడు, నవ్వుతూనే.

నేను బొమ్మ గీసేట్టు, అతను రంగు వేసేట్టు మాట్లాడుకున్నాం. పని ఒప్పుకున్నాక అతను అడిగింది ఒక్కటే.

"మాస్టారూ, కింద ఓ మూల నా పేరు రాసుకుంటా. మేం బండికి పని చేస్తే ఎనకాల పేరు, ఊరు రాస్తాం. అది మా అలవాటు."

"కుదరదు భాయ్. కంపెనీ వాళ్ళకు ఒక్క చిత్రకారుడి పేరే ఉండాలి" అన్నాను.

అలాగని ఉత్తరంలో ఎక్కడా లేదు. నేను చదివినంతలో లేదు. అతను తల ఊపి డబ్బాలు సర్దుకోవడంలో పడ్డాడు.

సోమవారం పొద్దున కారు వచ్చింది. మద్రాసు నుంచి కంపెనీ డ్రైవరు నడిపించుకొచ్చాడు. సన్నగా ఉన్న పెద్దమనిషి, అరవ యాసతో తెలుగు మాట్లాడేవాడు. బుధవారం పదకొండింటికి ఆఫీసరు గారు వచ్చి కారు చూసుకుని గుంటూరు తీసుకుపోతారని చెప్పాడు. షెడ్డు ముందు జనం పోగయ్యారు. కోర్టు పనికి వచ్చిన రొంపిచెర్ల రైతులు సైతం కేసు సంగతి మర్చిపోయి కారు చుట్టూ తిరిగారు. ఒకాయన తలుపు మీద మొహం చూసుకుని మీసం సర్దుకున్నాడు. అంత నున్నగా ఉంది.

డ్రైవరు భోజనానికి వెళ్ళాడు. నేను నా బొమ్మ కాగితాన్ని షెడ్డు గోడకు మేకులతో బిగించి కొలతలు వేసుకుంటున్నాను. జనం గోల, రేకుల వేడి, నాకు అప్పటికే తల వేడెక్కింది. భాయ్ కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, వేలితో బానెట్టు తడిమి నా దగ్గరికొచ్చాడు.

"మాస్టారూ, ఇది అద్దంలా ఉంది. రుద్దనా? రుద్దకపోతే రంగు పట్టదు."

లారీ పని చేసేవాడెవడైనా అడగక్కర్లేని మాట అది. పాత రంగు మీద కొత్త రంగు నిలవాలంటే ముందు నీళ్ళు పోస్తూ గరుకు కాగితంతో రుద్దాలి, మెరుపు పోయేదాకా. రోజూ చేసే పనే. అయినా ఆ కొత్త కారును చూసి చెయ్యి రాక అడిగాడు.

"నీ పని నీకు తెలియదా భాయ్? ప్రతిదానికీ నన్నడుగుతావేంది? చేసుకో పో" అని కసిరాను.

అతను బకెట్టు తెచ్చుకుని మొదలుపెట్టాడు. గంటన్నరలో బానెట్టు, పైకప్పు, రెండు తలుపులు రుద్దేశాడు. తెల్లటి నీళ్ళు షెడ్డు గచ్చు మీద పారాయి. అద్దంలా ఉన్న కారు సున్నం గోడలా తయారైంది. నాకు ముచ్చటేసింది, ఇక పని మొదలైనట్టే అనుకున్నాను.

డ్రైవరు కిళ్ళీ నములుతూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరు రుద్దమన్నారు సార్?" అన్నాడు.

"ఏం, రుద్దకపోతే రంగెలా పడుతుంది?" అన్నాను.

"తుడిస్తే పోయే రంగు కదా సార్ వెయ్యాలి. వేరే ఊళ్ళలో అట్టానే వేసినారు. ప్రదర్శన అయినాక కడిగేసి పార్టీకి ఇస్తాము. ఈ బండికి పార్టీ ఉన్నారు సార్, బుక్ అయిపోయినాది. మీకు రాసిన కాగితంలో లేదా?"

భాయ్ చేతిలో గరుకు కాగితం అలాగే ఉంది. నా వైపు చూశాడు. ఇంటికి వెళ్ళి ఉత్తరం చూసొస్తానని సైకిలెక్కాను. దారిలో ఎవరు పలకరించారో, ఏం బదులు చెప్పానో గుర్తులేదు.

ఇంట్లో ఎవరూ లేరు. మా ఆవిడ నర్సు, డ్యూటీలో ఉంది. పెట్టె తీసి రెండో కాగితం చదివాను. మూడో షరతు. కంపెనీ వేసిన రంగుకు ఏ హానీ జరగకూడదు. తడిగుడ్డతో తుడిస్తే పోయే రంగులే వాడాలి. ప్రదర్శన తరవాత వాహనం కొనుగోలుదారుకు అప్పగించబడును. ఇందుకు చిత్రకారుడే బాధ్యుడు. ఆఖరి వాక్యం నాలుగైదుసార్లు చదివాను. ఎన్నిసార్లు చదివినా అందులో నేనే ఉన్నాను.

పిన్ను ఊడదీశాను. మొదటి కాగితం పెట్టెలో పెట్టి, రెండోది నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచాను. చెయ్యి తనంతట తానే చేసిందని చెప్పుకోవచ్చు గాని అది అబద్ధం, నేనే చేశాను.

తిరిగి వెళ్ళేసరికి భాయ్ కారు పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు. డ్రైవరు దూరంగా చెట్టు కింద బీడీ తాగుతున్నాడు.

"ఏం రాశారు మాస్టారూ కాయితంలో?"

"అట్టాంటిదేం లేదు" అన్నాను. "డ్రైవరుకేం తెలుసు, ఎవరో చెప్పిన మాటలు."

"మరి ఇబ్బంది లేదుగా? డీలరు గారికి మాట రాకుండా చూడండి. నా సంగతి మీకు తెలుసు."

"నేనున్నాగా" అన్నాను.

ఇప్పటికీ ఆ మాట ఎవరన్నా అంటే అక్కణ్ణించి లేచిపోతాను. అతను మాత్రం నిశ్చింతగా లేచి చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ అదే తెలుపు వేసి మెరిపించగలవా అని లోగొంతుతో అడిగాను. రాదన్నాడు. "ఆ తెలుపు కంపెనీలో కాల్చి పెట్టింది మాస్టారూ. మనం ఎంత పూసినా ఎనామిలు ఎనామిల్లాగే ఉంటది." ఇక వెనక్కి పోయే దారి లేదు.

ఇక బొమ్మ ఎంత బాగుంటే అంత మంచిదనుకున్నాను. చూసినవాళ్ళకు తుడవబుద్ధి కాకూడదు. నాకు మిగిలిన ఆశ అదొక్కటే. మిరప కల్లాలు గీశాను నేను, బానెట్టు మీద ఎర్రటి పెద్ద చదరం, తలుపుల మీద నాపరాళ్ళు నిలబెట్టిన పొలం గట్లు, పైకప్పు మీద తెల్లగా పత్తి. కాగితం మీద దర్జాగా ఉంది. భాయ్ దాన్ని, కారును మార్చి మార్చి చూశాడు.

"ఒకటి చెప్పనా మాస్టారూ, కోప్పడరుగా?"

"చెప్పు."

"మీరు గోడకి గీసినట్టు గీశారు. ఇది బండి, కదిలిద్ది. ఎరుపు ముందర కుప్ప పోసి ఆపేస్తే బండి ఆడనే ఆగిపోయినట్టుంటది. ఎరుపుని ముందు నించి ఎనక్కి లాగుదాం. పోయేకొద్దీ పల్చబడాలి. అప్పుడు పరుగెత్తేటప్పుడు చూస్తే కాయలు గాలికి లేచినట్టుంటై."

నాకు కోపం వచ్చింది. లారీలకు పువ్వులు వేసేవాడు నాకు చెప్పడమేమిటని. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అతను అప్పటికే సుద్దముక్కతో ఒక గీత లాగాడు, కారు ముందు దీపం దగ్గర మొదలై తలుపు మీదుగా వెనక చక్రం దాకా, చెయ్యి ఎత్తకుండా. ఆ ఒక్క గీతతో కారు కదిలినట్టయింది. నేను నోరు మూసుకున్నాను.

ఆ సాయంత్రం, మర్నాడంతా పని చేశాం. పని చేసింది అతను, నేను పక్కన నిలబడి అరిచాను. ఎరుపు చిక్కగా ఉందని, పల్చగా ఉందని, దుమ్ము పడుతోందని, తలుపు వెయ్యమని. రోడ్డు మీద జీపు ఆగిన చప్పుడైతే చాలు ఉలిక్కిపడేవాణ్ణి. జేబులో కాగితం వంగినప్పుడల్లా గుచ్చుకునేది. బండి వదిలి వెళ్ళినందుకు తనకూ మాట వస్తుందని కాబోలు, డ్రైవరు ఇక ఆ ఊసెత్తలేదు. అప్పుడప్పుడూ వచ్చి చూసి, బాగుందని తల ఊపి, మళ్ళీ చెట్టు కిందికి పోయేవాడు. అతను ఏం చెప్తాడో తెలియక అతనికి రెండుసార్లు టీ తెప్పించి ఇచ్చాను.

బొమ్మ నిజంగా గొప్పగా వచ్చింది. నాపరాళ్ళలో ఒక్కొక్క రాయికి ఒక్కో రంగు వేశాడు భాయ్, ఒకటి నీలం పులుముకున్నట్టు, ఒకటి పచ్చగా, ఒకటి గంధం రంగు. రాళ్ళల్లో ఇన్ని రంగులెక్కడివని అడిగితే "వాన పడినప్పుడు చూళ్ళేదా?" అన్నాడు. నలభై ఏళ్ళుగా ఆ రాళ్ళ మధ్యే తిరుగుతున్నాను. నేను చూళ్ళేదు. మంగళవారం మధ్యాహ్నం బొమ్మ కింద, వెనక తలుపు మూలన, నా పేరు మాత్రం నేనే రాసుకున్నాను. అసూయకూ భయానికీ మధ్య ఆ పేరు కొంచెం వంకర పోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళి చొక్కా విప్పి పడేశాను. మా ఆవిడ ఉతకడానికి తీస్తూ జేబు చూసింది. ఆమెకు ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు.

"ఏమండీ, ఇదేందండీ?" అంది కాగితం పట్టుకుని.

చెప్పాను. దాచడానికి ఓపిక లేదు. ఆమె స్టూలు మీద కూర్చుని అంతా విన్నది.

"భాయ్‌కి చెప్పారా?"

"లేదు."

"డీలరు గారికి?"

"రేపు పొద్దున చెప్తా."

"ఇప్పుడే వెళ్ళి చెప్పండి. ఆయన ఇల్లు రెండు వీధులవతలేగా."

"రేపు చెప్తానన్నానుగా" అని అరిచాను.

ఆమె కాగితాన్ని తిరిగి నాలుగు మడతలు పెట్టి, ఉతికిన చొక్కా జేబులో పెట్టింది. "రేపు ఈ చొక్కా వేసుకుని వెళ్ళండి" అని మాత్రం అంది.

బుధవారం ఆ చొక్కానే వేసుకుని వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను, ఇప్పటికీ అలాగే నమ్ముతున్నాను. డీలరు గారింటి ముందు సైకిలు దిగాను కూడా. అరుగు మీద ఎవరో రైతులు కూర్చుని ఉన్నారు, వాళ్ళ ముందు ఎలా చెప్తానని మళ్ళీ ఎక్కేశాను. షెడ్డుకు వెళ్ళేసరికి తొమ్మిదయింది. భాయ్ తలంటి పోసుకుని, ఇస్త్రీ లాల్చీ వేసుకుని, కారు అద్దాలు తుడుస్తున్నాడు. షెడ్డు ముందు కళ్ళాపి చల్లించాడు.

అప్పుడు నాకా బుద్ధి పుట్టింది. ఎక్కడి నుంచి పుట్టిందో నాకు బాగా తెలుసు.

"భాయ్" అన్నాను, "నీ పేరు కూడా రాయి."

అతను వెనక్కి తిరిగాడు.

"నా పేరా?"

"రాయి. నా పేరు పక్కనే. పని నీది గదా."

అతను నా మొహంలోకి చూశాడు. నేను గోడకున్న బొమ్మ కాగితం వైపు తిరిగి దాని మేకులు పీకడం మొదలుపెట్టాను. కాసేపటికి వెనక డబ్బా మూత తీసిన చప్పుడు వినబడింది. చేతులు కడుక్కొచ్చాడు. అన్నిటికంటే సన్నని కుంచె తీసి, వెంట్రుకలు పెదాల మధ్య సర్ది, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తన పేరు, దాని కింద నరసరావుపేట. ఆ రెండు మాటలకు పావుగంట పైన తీసుకున్నాడు. రాసి, లేచి, మూడడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. ఆ మొహం నేను చూడలేదు. చూడకూడదనే చూడలేదు.

పదకొండు కాకముందే ఆఫీసరు గారు, డీలరు గారు కలిసి వచ్చారు. ఆఫీసరు నెల్లూరు వైపు మనిషి, కుర్రవాడే, టై కట్టుకున్నాడు. కారు చుట్టూ తిరిగాడు, దూరం పోయి చూశాడు, వంగి చూశాడు. "మిగతా జిల్లాలు దీని ముందు దేనికీ పనికిరావండీ" అన్నాడు. డీలరు గారు నా భుజం తట్టారు. ఆ అర నిమిషం గట్టెక్కామనే అనుకున్నాను.

"ఒక బకెట్టు నీళ్ళు, గుడ్డ తెప్పించండి" అన్నాడు ఆఫీసరు. "ప్రతి ఊళ్ళోనూ ఒక మూల తుడిచి చూసుకుంటాం. ఫార్మాలిటీ."

డ్రైవరు తెచ్చాడు. ఆఫీసరు టై భుజం మీదికి వేసుకుని, వంగి, వెనక చక్రం పైన తుడిచాడు. గుడ్డ చూసుకున్నాడు. మళ్ళీ తుడిచాడు, ఈసారి గట్టిగా. గుడ్డ తెల్లగానే ఉంది. తలుపు తెరిచి, అంచున రంగు పడని జాగాలో గోటితో గీరాడు. గరుకు కాగితం చారలు అక్కడ స్పష్టంగా కనిపించాయి.

"ఎవరిది ఈ పని?"

డ్రైవరు తలొంచుకుని "నేను అన్నానికి పోయినాను సార్" అన్నాడు.

"రెండో పేజీలో అంత స్పష్టంగా రాశాం గదండీ" అన్నాడు ఆఫీసరు నా వైపు తిరిగి. "ఎవరు రుద్దారు?"

కాగితం నా గుండె మీదే ఉంది. నోరు తెరిచి రెండు మాటలంటే అయిపోయేది. నేను తెరిచాను.

"రుద్దింది ఈయన. నేను బొమ్మ గీశాను. ఇనుము పని నాకు తెలియదండీ. పేరు కూడా ఉంది చూడండి."

నా చెయ్యి ఆ పేరు వైపు చూపించింది. డీలరు గారు వంగి చదివారు. ఆఫీసరు ముందు ఆయన మొహం ఎర్రబడింది.

"నీకెవడు చెప్పాడ్రా కంపెనీ బండి రుద్దమని?" అన్నారు భాయ్‌తో. అంతవరకూ ఆయన అతన్ని ఒరేయ్ అనగా నేను వినలేదు.

భాయ్ నన్నే చూస్తున్నాడు. అతను చెప్తాడనుకున్నాను. 'నేనడిగాను, మాస్టారే రుద్దమన్నాడు' అంటాడనుకున్నాను. నిజంగా అప్పుడు నేను కోరుకున్నది అదే, అతను చెప్పేస్తే నాకు తప్పిపోతుందని. అతను చూపు దించుకున్నాడు.

"మా పనిలో రుద్దే అలవాటండీ. పొరపాటైంది" అన్నాడు.

"సాయంత్రానికి నీ డబ్బాలు తీసేసెయ్. ఈ షెడ్డులో నువ్వు కనపడగూడదు." డీలరు గారు అంతటితో ఆగలేదు. భాయ్ టర్పెంటైను డబ్బా మీద ఉన్న మసిగుడ్డ తీసి, అందులోనే ముంచి, ఆ పేరు మీద ఒక్క తుడుపు తుడిచారు. రాసి రెండు గంటలు కాలేదు, పచ్చిగానే ఉంది. మొత్తం వచ్చేసింది. పక్కన నా పేరు మంగళవారమే ఆరిపోయింది.

ప్రదర్శన ఆపడానికి లేదు, పోస్టర్లు అంటించేశారు. కారు అలాగే గుంటూరు వెళ్ళింది. నేనూ వెళ్ళాను. మా ఆవిడ రాలేదు, డ్యూటీ ఉందంది, ఆ రోజు ఆమెకు సెలవు. అక్కడ నా మెడలో దండ వేశారు. ఆ ఎరుపు ముందు నుంచి వెనక్కి అలా పారించాలనే ఆలోచన ఎలా వచ్చిందని ఒక పెద్దాయన అడిగితే, బండి అంటే కదిలేది కదండీ అన్నాను. జనం ఆ మాటకు చప్పట్లు కొట్టారు.

బడి తెరిచిన వారానికి గాని నాకు ధైర్యం రాలేదు. కాగితం తీసుకుని డీలరు గారి దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"అప్పుడే చెప్తే ఏం పొయ్యేది మాస్టారూ? మీది గవర్నమెంటు ఉద్యోగం, మిమ్మల్ని ఎవరేం చేస్తారు? కంపెనీకి నేనేదో సర్దిచెప్పుకునేవాణ్ణి." కాగితం మడిచి నాకిచ్చి, "షెడ్డు ఇంకా ఎవరికీ ఇవ్వలా. వచ్చి తీసుకోమని చెప్పండి. నేనట్టా అనకుండా ఉండాల్సింది" అన్నారు.

భాయ్ పిడుగురాళ్ళలో ఉన్నాడని తెలిసింది. ఆదివారం మాచర్ల బస్సెక్కి అక్కడ దిగాను. సున్నపు బట్టీల పక్క రోడ్డు మీద, గోనెపట్టాల పందిరి కింద లారీకి రంగు వేస్తున్నాడు. బట్టీల నుంచి వచ్చే దుమ్ము అతని జుట్టు మీద, డబ్బాల మీద, అప్పుడే వేసిన రంగు మీద పడుతోంది. నన్ను చూసి కుంచె డబ్బాలో పెట్టి, పీట జరిపాడు. నేను కూర్చోలేదు. నిలబడే డీలరు గారి మాట చెప్పాను.

"నేను రాను మాస్టారూ. ఎవురికన్నా ఇమ్మనండి" అన్నాడు. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "రేపు ఇంకోడొచ్చి ఇంకోటి చెప్తాడు. మళ్ళీ పొమ్మంటారు. ఈ పందిరైతే నాదే."

జేబులోంచి కాగితం తీశాను. మూడో షరతు తెలుగులో చెప్పాను. ఆఖరి వాక్యం కూడా చెప్పాను, చిత్రకారుడే బాధ్యుడని. మొదటి రోజే చదివి దాచానని చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు.

"తుడిస్తే పొయ్యే రంగులా" అన్నాడు. "ముందే తెలిస్తే నేను ఒప్పుకునేవాణ్ణే గాదు."

అతను లేచి కుంచె తీసుకున్నాడు. ఇక మాట్లాడడనుకున్నాను. కానీ నాకొకటి తెలుసుకోవాలని ఉంది. అది అడిగే హక్కు లేదని తెలిసీ అడిగాను.

"ఆ పొద్దున పేరు రాయమన్నప్పుడు నీకేం అనుమానం రాలేదా భాయ్?"

"వచ్చింది. ఏదో ఉందని తెలుస్తానే ఉంది. మీరు నా మొకం చూళ్ళా."

"మరి ఎందుకని అడగలేదే?"

అతను లారీ తలుపు మీద పడిన సున్నాన్ని నోటితో ఊదాడు.

"అడిగితే మళ్ళీ వొద్దంటారేమోనని" అన్నాడు.